టికెట్ చవక... టైమ్ పిరం!

శంషాబాద్‌లో తొలిసారి బడ్జెట్ విమానం ఎక్కబోతున్నారా? ఘట్‌కేసర్ గడప దాటకముందే తెలిసి ఉండాల్సిన సంగతులివి.

పోచారం ఐటీ క్యాంపస్‌లో కొత్తగా కొలువులో చేరిన అమ్మాయి అమ్మానాన్నలను కాశీకి తీసుకుపోవాలనుకుంటుంది. నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే బీహార్ కుర్రాడికి ఛఠ్ పండక్కి రైల్లో బెర్తు దొరకదు. అవుషాపూర్, యంనంపేట కాలేజీల పిల్లలకు పుణె నుంచో బెంగళూరు నుంచో ఇంటర్వ్యూ పిలుపు వస్తుంది. ముగ్గురూ ఫోన్‌లో విమాన టికెట్లు వెతుకుతారు. ముందుగా చూసుకుంటే, పండగ రోజులు కాకపోతే, ఒక్కోసారి ఏసీ రైలు టికెట్‌కు కాస్త అటూ ఇటూగానే ధర కనిపిస్తుంది. ‘ఇంతేనా!’ అనుకుని బుక్ చేసేస్తారు.

ఆ డబ్బుతో వాళ్లు కొన్నది ఒక్క సీటు, కొద్దిపాటి లగేజీ. అంతే. కిటికీ పక్కన కూర్చోవడానికి విడిగా డబ్బు కట్టాలి. కాళ్లు చాపుకునే చోటుకు విడిగా, తిండికి విడిగా, సామాను బరువెక్కితే విడిగా. కొన్నింటికి మాత్రం ధర ఉండదు, అవి ప్రయాణికుడి హక్కులు. ఏది కొనుక్కోవాలో, ఏది అడిగి తీసుకోవాలో తెలిసినవారికే చవక టికెట్ చివరిదాకా చవకగా మిగులుతుంది.

రూపాయి టికెట్ రోజుల నుంచి

మన దేశంలో చవక విమానానికి దారి వేసింది కెప్టెన్ జి.ఆర్.గోపీనాథ్. సైన్యంలో పనిచేసి వచ్చిన ఈ కన్నడిగుడు 2003లో ఎయిర్ డెక్కన్‌ను మొదలుపెట్టారు. సూర్య నటించిన ‘ఆకాశం నీ హద్దురా’ సినిమాకు ప్రేరణ ఆయన జీవితమే. ఆ సంస్థ తొలినాళ్ల కష్టాల్లో ఒకటి మన బేగంపేటలోనే జరిగింది. 2003 సెప్టెంబరులో హైదరాబాద్ - విజయవాడ తొలి విమానం బయల్దేరబోతుండగా ఇంజిన్‌లో మంటలు లేచాయి. లోపల వెంకయ్యనాయుడు, నాటి కేంద్రమంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ ఉన్నారు. అందరూ క్షేమంగా దిగారు. అంత అప్రతిష్ఠ మీద పడినా ఆ సంస్థ నిలదొక్కుకుంది, రూపాయికే టికెట్ అంటూ దేశాన్ని ఆశ్చర్యపరిచింది.

2005లో స్పైస్‌జెట్, 2006 ఆగస్టులో ఇండిగో వచ్చాయి. డెక్కన్ చివరికి కింగ్‌ఫిషర్‌లో కలిసింది, 2012లో కింగ్‌ఫిషరే మూతపడింది. హైదరాబాద్ కేంద్రంగా 2015లో ఎగిరిన ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. 2023 మే నెలలో గో ఫస్ట్ ఉన్నట్టుండి విమానాలు నిలిపేయడంతో ముందే టికెట్లు కొన్నవాళ్ల డబ్బు ఇరుక్కుపోయింది. చవక టికెట్ల వ్యాపారంలో లాభం అంచు ఎంత సన్నదో ఈ వరస చూస్తే తెలుస్తుంది. ఇవాళ దేశీయ ప్రయాణికుల్లో పదిమందిలో ఆరుగురికి పైగా ఎక్కేది ఇండిగోనే. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, 2022లో మొదలైన ఆకాశ ఎయిర్, స్పైస్‌జెట్ కూడా ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి.

బండి ఆగితే నష్టం

సంస్థలు ఇంత తక్కువకు ఎలా ఇస్తున్నాయో అర్థమైతే, వాళ్ల నిబంధనలు ఎందుకంత కఠినంగా ఉంటాయో కూడా అర్థమవుతుంది. ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర షేర్ ఆటో నడిపేవారికి తెలిసిన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది: సీట్లు నిండాలి, బండి ఆగకూడదు. అందుకే ఎయిర్‌బస్ ఎ320 వంటి ఒకే రకం విమానంలో బిజినెస్ క్లాస్ తీసేసి 180కి పైగా సీట్లు బిగిస్తారు. అన్నీ ఒకే రకం కాబట్టి పైలట్ల శిక్షణ, విడిభాగాల ఖర్చు తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం, దిగిన విమానాన్ని అరగంటలో మళ్లీ బయల్దేరదీయడం. పాత ప్రయాణికులు దిగాలి, క్యాబిన్ ఊడ్వాలి, ఇంధనం నింపాలి, సామాను మార్చాలి, కొత్తవాళ్లు ఎక్కాలి. అన్నీ ఆ అరగంటలోనే అయిపోవాలి. విమానం నేల మీద నిలబడిన ప్రతి నిమిషమూ వాళ్లకు నష్టమే.

అందుకే ఒక్క ప్రయాణికుడి కోసం తలుపు తెరిచి ఉంచరు. ఆర్టీసీ బస్సును చెయ్యెత్తి ఆపొచ్చు, రైలును పరుగెత్తి అందుకోవచ్చు. ఇక్కడ కౌంటర్ మూసిన తర్వాత బతిమాలినా లాభం లేదు. దేశీయ ప్రయాణానికి చెకిన్ కౌంటర్ సాధారణంగా గంట ముందు, బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు మూసేస్తారు. టికెట్ మీద 6.00 అని ఉంటే అది విమానం కదిలే సమయం. మీకు సంబంధించిన సమయాలు 5.00, 5.35.

లెక్క వెనక నుంచి వేయండి

ఘట్‌కేసర్‌వాసులకు ఈ సూత్రం మరింత గట్టిగా వర్తిస్తుంది. బేగంపేటలో విమానాశ్రయం ఉన్నన్నాళ్లూ సికింద్రాబాద్ చేరితే సగం పని అయిపోయేది. 2008 మార్చి 23న రాకపోకలు శంషాబాద్‌కు మారాక విమానాశ్రయం నగరానికి దక్షిణ కొసకు, మనం తూర్పు కొసకు మిగిలాం. మధ్యలో ఉన్న అండ ఔటర్ రింగ్‌రోడ్డు. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కితే పెద్ద అంబర్‌పేట్, బొంగ్లూరు, తుక్కుగూడ మీదుగా ఇంచుమించు 50 కిలోమీటర్లు, గంట ప్రయాణం. దూరం ఎక్కువే కానీ సిగ్నళ్లు లేవు.

ఉప్పల్, నాచారం నుంచి వెళ్లేవారి కథ వేరు. ఎల్బీనగర్ మీదుగా దూరం తక్కువ, ట్రాఫిక్ ఎక్కువ. ఉప్పల్ - నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగడంతో వరంగల్ రహదారి మీద ఏ పూట ఎంతసేపు పడుతుందో చెప్పలేని స్థితి ఈ ప్రాంతంవాళ్లకు కొత్త కాదు. నాగోల్ దాకా మెట్రో ఉంది కానీ విమానాశ్రయానికి లేదు. లగేజీ తక్కువగా ఉండి, చేతిలో సమయం ఉంటే ఆర్టీసీ పుష్పక్ ఏసీ బస్సు మేలు. సికింద్రాబాద్ నుంచి తార్నాక, ఉప్పల్, ఎల్బీనగర్ మీదుగా వెళ్లే సర్వీసుల వేళలు ముందురోజే కనుక్కోవాలి.

ఒక లెక్క చూద్దాం. ఉదయం 6.00 విమానం. కౌంటర్ మూసేది 5.00కి. లైన్లలో నిలబడే సమయం కలుపుకుంటే విమానాశ్రయం గేటు దగ్గర 4.00కల్లా ఉండాలి. ఘట్‌కేసర్‌లో బండి కదలాల్సింది రాత్రి 2.45కి. ఆ వేళకు మన వైపు క్యాబ్ దొరకడం కష్టం, దొరికినా డ్రైవర్ చివరి నిమిషంలో రద్దు చేయొచ్చు. ముందురోజే తెలిసిన బండి మాట్లాడుకోవడం క్షేమం. దాని కిరాయి కూడా టికెట్ ధరకు కలిపి చూసుకోండి. తెల్లవారుజాము విమానం పగటి విమానం కంటే అయిదారు వందలు తక్కువని మురిసిపోతే, ఆ మిగులు క్యాబ్‌కే పోవచ్చు.

గేటు నుంచి సీటు దాకా

శంషాబాద్ టెర్మినల్లో బయల్దేరేవారికి పై అంతస్తు, వచ్చేవారికి కింది అంతస్తు. తొలి మజిలీ ప్రవేశ ద్వారం. అక్కడ సీఐఎస్ఎఫ్ సిబ్బంది టికెట్, అసలు గుర్తింపు కార్డు చూస్తారు. టికెట్ మీది పేరు, కార్డు మీది పేరు ఒక్కటై ఉండాలి. మన ఇళ్లలో ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఒక దాంట్లో వెనక ఉంటుంది కాబట్టి బుక్ చేసేటప్పుడు కార్డును ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం చూసి ఎక్కించాలి. డిజియాత్ర యాప్‌లో ముందే నమోదు చేసుకుంటే ముఖం చూపించి లోపలికి వెళ్లొచ్చు. అది సౌకర్యమే తప్ప తప్పనిసరి కాదు. కార్డు చూపించే వరస ఎప్పుడూ ఉంటుంది.

రెండోది చెకిన్. చాలా సంస్థలు ప్రయాణానికి 48 గంటల ముందు నుంచే ఫోన్‌లో వెబ్ చెకిన్‌కు వీలిస్తాయి. తెర నిండా ధరలున్న సీట్లు కనిపించగానే ఏదో ఒకటి కొనక తప్పదని కొత్తవాళ్లు భ్రమపడతారు. కిందికి జరిపి చూస్తే డబ్బు లేకుండా ముందుకు వెళ్లే దారి సాధారణంగా ఉంటుంది, అప్పుడు సీటు వాళ్లే కేటాయిస్తారు. కౌంటర్ దగ్గర బోర్డింగ్ పాస్ ఇవ్వడానికి డబ్బు వసూలు చేయకూడదని కేంద్ర విమానయాన శాఖ 2022 జులైలోనే స్పష్టం చేసింది. స్మార్ట్‌ఫోన్ వాడని పెద్దవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకుంటే చాలు. 12 ఏళ్ల లోపు పిల్లలను ఒకే బుకింగ్‌లో ఉన్న తల్లి పక్కనో తండ్రి పక్కనో కూర్చోబెట్టాలని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) 2024లో ఆదేశించింది.

మూడోది భద్రతా తనిఖీ. ఫోన్, ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్, పర్సు, బెల్టు ట్రేలో పెట్టాలి. మనుషులు ఒక ద్వారం గుండా, సామాను ఎక్స్‌రే గుండా వెళ్లాలి. భయపడాల్సిందేమీ లేదు, అందరికీ అదే తనిఖీ. ఆ తర్వాత గేటు. గేటు నంబరు ఆఖరి నిమిషంలో మారొచ్చు కాబట్టి తెరల మీద కన్నేసి ఉంచాలి. పిలుపు మైకులోనే వస్తుందని నమ్ముకుని కునుకు తీస్తే విమానం వెళ్లిపోతుంది. బడ్జెట్ విమానాలు చాలాసార్లు టెర్మినల్‌కు దూరంగా ఆగుతాయి. అక్కడికి బస్సులో తీసుకెళ్లి మెట్లెక్కిస్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే బుకింగ్‌లోనే వీల్‌చైర్ కోరాలి.

పచ్చడి ఎటు, పవర్ బ్యాంక్ ఎటు?

కొత్త ప్రయాణికుల డబ్బు ఎక్కువగా కరిగేది సామాను దగ్గరే. దేశీయ విమానాల్లో మామూలు టికెట్‌కు చేతి సంచి ఒకటి 7 కేజీలు, కౌంటర్‌లో అప్పగించే చెకిన్ బ్యాగ్ 15 కేజీలు. చెకిన్ బ్యాగ్ లేకుండా ఇంకా తక్కువ ధరకు ఇచ్చే టికెట్లు కూడా ఉన్నాయి, కాబట్టి టికెట్ మీద ఎన్ని కేజీలు రాశారో చూసుకోవాలి. మించిన ప్రతి కేజీకీ కౌంటర్ దగ్గర వడ్డించేది గట్టిగానే ఉంటుంది. అదే సామాను కోసం ముందే ఆన్‌లైన్‌లో కడితే తక్కువ పడుతుంది. ఇంట్లో బరువు యంత్రం లేకపోతే వీధి చివరి కిరాణా కొట్టులో తూకం వేయించుకున్నా సరే.

ఏది ఎందులో పెట్టాలన్నది మరో చిక్కు. పవర్ బ్యాంక్, విడి బ్యాటరీలు తప్పకుండా చేతి సంచిలోనే ఉండాలి. కింద సామాను అరలో అవి అంటుకుంటే ఆర్పే దిక్కుండదు. కత్తి, కత్తెర వంటివి చెకిన్‌లోకి. అగ్గిపెట్టె, లైటర్ ఎందులోనూ వద్దు. పచ్చళ్లు, కారప్పొడి, నెయ్యి చెకిన్ బ్యాగులో రెండు మూడు కవర్లు చుట్టి పెట్టడమే నయం. ఎండుకొబ్బరిలో నూనె శాతం ఎక్కువ, త్వరగా అంటుకుంటుంది కాబట్టి దానికి అనుమతి లేదు. పులిహోర, చపాతీలు మాత్రం నిశ్చింతగా చేతి సంచిలో తీసుకెళ్లొచ్చు.

కొబ్బరికాయతో మరో ముచ్చట ఉంది. మామూలుగా దాన్ని క్యాబిన్‌లోకి రానివ్వరు. శబరిమల వెళ్లే స్వాముల ఇరుముడిలో అది తప్పనిసరి. అందుకే మండల, మకరవిళక్కు రోజుల్లో తనిఖీల తర్వాత ఇరుముడిని చేతిలోనే తీసుకెళ్లేందుకు పౌర విమానయాన భద్రతా సంస్థ మినహాయింపు ఇచ్చింది. 2024 అక్టోబరులో ఇచ్చిన సడలింపు 2025 జనవరి 20 దాకా సాగింది. ఏ ఏటికా ఏడు ఉత్తర్వు ఉందో లేదో కనుక్కుని బయల్దేరాలి.

పైకెగిరాక

రన్‌వే మీద విమానం వేగం అందుకున్నప్పుడు వీపు సీటుకు అతుక్కుపోతుంది, చక్రాలు లోపలికి వెళ్లేటప్పుడు కింద దబ్బున చప్పుడవుతుంది. రెండూ మామూలే. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు గాలి ఒత్తిడి మారి చెవులు మూసుకుపోతాయి. గుటకలు మింగినా, చాక్లెట్ చప్పరించినా, ఆవులించినా తేలికవుతుంది. పసిపిల్లలకు ఆ సమయంలో పాలు పట్టాలి. విమానం మేఘాల్లో కుదిపితే గాబరా పడొద్దు, బెల్టు పెట్టుకుని కూర్చుంటే చాలు.

భోజనం ఉచితం కాదు. ఉప్మా, నూడుల్స్ వేడినీళ్లు పోసి ఇచ్చినా కింద దొరికే ధరకు దొరకవు. తాగేందుకు మంచినీళ్లు అడిగితే ఇస్తారు. భద్రతా తనిఖీ దాటాక ఖాళీ సీసా నింపుకుంటే ఆ అవసరమూ ఉండదు. సీటు వెనక్కి వాలకపోవచ్చు, మోకాళ్లు ముందు సీటుకు తగలొచ్చు. గంటన్నర ప్రయాణానికి ఇది ఇబ్బంది అనిపించదు. దిగగానే సీట్లలోంచి లేచి నిలబడే తొందర మాత్రం అనవసరం. ముందు దిగినా సామాను వచ్చే బెల్టు దగ్గర అందరూ కలిసే నిలబడాలి. బ్యాగ్ రాకపోయినా, పగిలి వచ్చినా బయటికి వచ్చేయకుండా అక్కడి కౌంటర్‌లోనే ఫిర్యాదు రాయించి కాగితం తీసుకోవాలి.

ఇవి అమ్మకానికి లేవు

చవక టికెట్ కొన్నవారికి హక్కులు తక్కువేమీ ఉండవు. డీజీసీఏ నిబంధనలు అన్ని సంస్థలకూ ఒకటే.

• బుక్ చేశాక నిర్ణీత గడువు లోపు ఉచితంగా రద్దు చేసుకోవచ్చు. ప్రయాణానికి కనీసం వారం వ్యవధి ఉండాలి.

• మీరే రద్దు చేసుకున్నా, విమానం తప్పిపోయినా విమానాశ్రయ రుసుములు, పన్నులు తిరిగి ఇవ్వాలి. రద్దు రుసుము మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు.

• రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే 2 గంటల ఆలస్యానికి ఫలహారం ఇవ్వాలి. 6 గంటలు మించితే మరో విమానం గానీ పూర్తి డబ్బు గానీ ఇవ్వాలి. ఏది కావాలన్నది మీ ఇష్టం.

• నిబంధన ప్రకారం ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే డబ్బు వాపసుతో పాటు ప్రయాణ వ్యవధిని బట్టి 5,000 నుంచి 10,000 రూపాయల గరిష్ఠ పరిమితితో పరిహారం. వాతావరణం వంటి సంస్థ చేతిలో లేని కారణాలకు ఈ పరిహారం వర్తించదు.

• టికెట్లు ఎక్కువ అమ్ముకుని మిమ్మల్ని ఎక్కించుకోకపోతే, మరో విమానం ఎంత త్వరగా చూపారన్నదాన్ని బట్టి 10,000 లేదా 20,000 రూపాయల గరిష్ఠ పరిమితితో పరిహారం. గంటలోపే చూపితే ఏమీ ఉండదు.

కౌంటర్ దగ్గర పని జరగకపోతే ఎయిర్‌సేవా యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు. 1915 వినియోగదారుల సహాయ నంబరు, వినియోగదారుల కమిషన్ ఎలాగూ ఉన్నాయి. బోర్డింగ్ పాస్, సంస్థ పంపిన సందేశాలు చెరిపేయకండి. రేపు సాక్ష్యం అవే.

డిసెంబరు చెప్పిన పాఠం

ఈ హక్కులు ఎంత అవసరమో 2025 డిసెంబరు తొలివారంలో దేశమంతా చూసింది. పైలట్ల విశ్రాంతిపై కొత్త నిబంధనలకు తగినట్టు సిద్ధం కాకపోవడంతో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాయి. శంషాబాద్‌లోనూ ప్రయాణికులు గంటల తరబడి పడిగాపులు పడ్డారు. సందు చూసుకుని మిగతా టికెట్ల ధరలు ఆకాశానికి ఎక్కడంతో కేంద్రం తాత్కాలికంగా ఛార్జీలకు కళ్లెం వేసింది. 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, 1,000 లోపు 12,000, 1,500 లోపు 15,000, ఆపైన 18,000 మించకూడదంది. విమానయాన శాఖ అప్పుడు మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్‌నాయుడి చేతిలోనే ఉంది. సగానికి పైగా ప్రయాణికులు ఒకే సంస్థ మీద ఆధారపడితే, అది తుమ్మితే దేశమే ఆగిపోతుందని ఆ వారం తేల్చింది.

ప్రయాణికుడికి మిగిలే పాఠం చిన్నది. ముహూర్తానికి వెళ్లాల్సిన పెళ్లి, మళ్లీ రాని పరీక్ష, విదేశీ విమానం అందుకోవాల్సిన ప్రయాణం ఉన్నప్పుడు అదే రోజు ఆఖరి విమానాన్ని నమ్ముకోవద్దు. ముందురోజు వెళ్లండి.

విమానమా, రైలా?

అన్ని ఊళ్లకూ విమానం లాభం కాదు. విజయవాడ సంగతే చూడండి. గాల్లో గంట. ఘట్‌కేసర్ నుంచి శంషాబాద్‌కు గంట పైనే, అక్కడ రెండు గంటలు, గన్నవరం నుంచి ఊళ్లోకి మరో అరగంట పైనే. మొత్తం అయిదు గంటలకు తగ్గదు. ఉప్పల్ వైపు నుంచి బస్సో, సికింద్రాబాద్ నుంచి రైలో ఎక్కినా ఇంచుమించు అంతే సమయం, అందులో సగం డబ్బుకు. విశాఖకు అటూ ఇటూగా ఉంటుంది. ఘట్‌కేసర్ స్టేషన్ మీదుగానే దూసుకెళ్లే వందే భారత్ సికింద్రాబాద్ నుంచి ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది. సంక్రాంతి ముందు విమానం ధర చూసినవారికి ఆ రైలే ముద్దొస్తుంది. కాశీ, పట్నా, దిల్లీ, గువాహటి వంటి దూరాలకు మాత్రం బడ్జెట్ విమానానికి తిరుగులేదు. ఒకటిన్నర రోజు రైల్లో గడపాల్సిన కార్మికుడికి ఆ మిగిలిన రోజు కూలీ కూడా లెక్కే, ఇంట్లో గడిపే రోజు అంతకంటే పెద్ద లెక్క.

కాబట్టి తొలిసారి ఎక్కేవారికి చెప్పేదిది. దూరం 800 కిలోమీటర్లు దాటితే విమానం చూడండి, లోపలైతే రైలు చూడండి. టికెట్ ధరకు క్యాబ్ కిరాయి, బ్యాగు బరువు కలిపి లెక్క వేయండి. రెండు గంటల ముందు అక్కడుండండి. వాళ్లు అమ్మేవాటిలో అక్కర్లేనివి కొనకండి, మీకు రావాల్సినవి మొహమాటపడి వదులుకోకండి.